దేన్ తరవాత ఐ

కాశీవిశ్వనాథం మాస్టారికి ఇంగ్లీషు రాదని అనే ధైర్యం ఆ రోజుల్లో బరంపురంలో ఎవరికీ ఉండేది కాదు. నాకు అసలే ఉండేది కాదు. నేను తెలుగు టీచర్ని. గోసాని నువాగాం పేటలో మా ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచరంటే, ఆయన దృష్టిలో, పిల్లల్ని అల్లరి చెయ్యకుండా కూచోబెట్టడానికి పెట్టుకున్న మనిషి. "భారతీదేవిగారూ, మీది ఇంటి భాష. ఇంట్లో ఎలాగూ వచ్చేదాన్ని బళ్ళో చెప్పడమెందుకండీ?" అని స్టాఫ్ రూములో అందరి ముందూ అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, అర్జీలో ఇంగ్లీషు. ఒరిస్సా గంజాం జిల్లాలో మా తెలుగువాళ్ళ బతుకు అలా మూడు ముక్కలుగా ఉండేది. ఆ మూడో ముక్క మాస్టారి చేతిలో ఉంది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా, కరెంటు ఆఫీసుకి ఫిర్యాదు రాయాలన్నా ఆయన గుమ్మం ఎక్కాల్సిందే. ఎక్కినవాళ్ళని నిలబెట్టి, వాళ్ళు తెచ్చుకున్న చిత్తుప్రతిలో తప్పులన్నీ పైకి చదివి, వాళ్ళు తల వంచుకున్నాక అప్పుడు రాసిచ్చేవారు.

ఆయనకి ఇంగ్లీషులో ఇంకేమేం తెలుసో నాకు తెలీదు గానీ, ఊళ్ళో పేరు మాత్రం ఒక్క సూత్రం మీద నిలబడింది. ఇంగ్లీషులో 'దేన్' అనే మాట ఉంది. మనం 'కంటే' అంటామే, అది. ఆ 'దేన్' తరవాత 'ఐ, హి, షి' రావాలి. 'మి, హిమ్, హర్' రాకూడదు. ఇదీ సూత్రం. 'షి ఈజ్ టాలర్ దేన్ ఐ' అన్నవాడు చదువుకున్నవాడు. 'దేన్ మి' అన్నవాడు గొడ్లకాపరి. దీనికి మినహాయింపు లేదు. ఎప్పుడో ఎవరో ఒక దొర ఈయన తప్పు దిద్దాడట, ఆ దిద్దిన చోటే ఈయన ఆగిపోయారు.

ఒకసారి మా స్కూలు వార్షికోత్సవంలో వైకుంఠరావుగారు మాట్లాడారు. ఆయన పేరున్న ప్లీడరు, మా స్కూలు కమిటీలో మెంబరు. తన అన్నగారి గురించి చెబుతూ, 'హి ఈజ్ ఓల్డర్ దేన్ మి' అన్నారు. ముందు వరసలోంచి మాస్టారు లేచి నిలబడి "దేన్ ఐ!" అని కేక పెట్టారు. నాలుగు వందల మంది పిల్లలు గొల్లున నవ్వారు. వైకుంఠరావుగారు కూడా నవ్వి, "థాంక్యూ" అని కూచున్నారు. ప్లీడరు నవ్వి ఊరుకున్నాడంటే ఆ వ్యవహారం ముగిసినట్టు కాదని మాస్టారి గ్రామరు పుస్తకంలో లేదు.

డెబ్భై ఒకటి జూన్‌లో మా స్కూలుకి వాసవీకుమారి వచ్చింది. పెద్దబజారులో మూడు తరాలుగా మసాలా దినుసుల హోల్‌సేలు చేస్తున్న ఇంటి పిల్ల. ఆ ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి మనిషి. ఇంగ్లీషు ఎమ్మే. ఇరవై ఆరేళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, చేతికి గడియారం తప్ప ఇంకేమీ లేకుండా ఉండేది. మాట మెల్లగా ఉండేది గానీ అన్నమాట వెనక్కి తీసుకోవడం ఆ పిల్లకి రాదు. అప్పటికి హెడ్‌మాస్టరు పోస్టు ఖాళీగా ఉండి మాస్టారే ఇన్‌చార్జిగా ఉన్నారు. ఆమె వచ్చిన మొదటి రోజే, జాయినింగ్ రిపోర్టులో ఒక కామా ఎక్కువైందని తిరిగి రాయించారు.

మా క్లాసుకీ పక్క క్లాసుకీ మధ్య చెక్క తడికే అడ్డం. అందుకని ఆమె చెప్పే పాఠాలు సగం నాకూ వినబడేవి. నా పిల్లలకి పద్యం బట్టీ పట్టమని ఇచ్చి నేను అవతలి పాఠం వింటూ కూచునేదాన్ని.

పదో తరగతికి ఇంగ్లీషు పాఠం వాసవి, గ్రామరూ కాంపోజిషనూ మాస్టారు చెప్పేవారు. ఆ క్లాసులో చిట్టమ్మ అనే పిల్ల ఉండేది. పాత్రపూర్ దగ్గర రైతుల బిడ్డ, పినతల్లి ఇంట్లో ఉండి చదువుకునేది. కాంపోజిషన్‌లో వాళ్ళ అప్ప గురించి, అంటే అక్క గురించి, 'షి ఈజ్ స్ట్రాంగర్ దేన్ మి' అని రాసింది. మాస్టారు ఆ పిల్లచేత 'దేన్ ఐ' అని మూడొందల సార్లు రాయించి, ఆ నోటుబుక్కు నెత్తిన పెట్టించి వరండాలో నిలబెట్టారు. రెండు పీరియడ్లు. వచ్చేపోయేవాళ్ళందరూ చూశారు. నేనూ చూశాను.

మర్నాడు వాసవి క్లాసులో చిట్టమ్మ లేచింది.

"టీచరమ్మా, మన పాఠం పుస్తకంలో ఒక కాడ 'దేన్ మి' అని ఉన్నాది. మాస్టారేమో అది తప్పంతారు. అచ్చేసినోళ్ళకి తెలీదేటండీ?"

 తడిక అవతల సుద్దముక్క చప్పుడు వినబడింది.

"ఈ రెండూ చూడండి. 'కమల లైక్స్ సోములు మోర్ దేన్ ఐ.' ఇక్కడ వాక్యం మధ్యలో ఆగిపోయింది కదా, పూర్తి చెయ్యండి. 'దేన్ ఐ లైక్ సోములు.' అంటే సోములు అంటే నాకూ ఇష్టమే. కమలకి ఇంకా ఎక్కువ ఇష్టం. అంతేనా? ఇప్పుడు 'ఐ' తీసేసి 'మి' పెడదాం. పూర్తి చేస్తే 'దేన్ షి లైక్స్ మి' అవుతుంది. అంటే కమలకి నా మీద ఉన్నదానికంటే సోములు మీద ఇష్టం ఎక్కువ. ఇక్కడ నా గతి ఏమిటి?"

"ఏడుపేనండీ!" అని ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది.

"అయితే మాటల్లో 'దేన్ మి'ని రెండు రకాలుగానూ వాడతారు. తప్పు లేదు. మీ అప్ప నీకంటే బలమైనదని చెప్పడానికి 'దేన్ ఐ' అన్నా సరే, 'దేన్ మి' అన్నా సరే. కానీ ఇలాంటి చోట ఏది పెడితే అది కుదరదు. అనుమానమొస్తే వాక్యం సగంలో వదిలెయ్యకండి. క్రియ కూడా రాసెయ్యండి."

"అయితే అన్నిటికీ 'ఐ' పెట్టేత్తే అర్థం తిరగబడిపోద్దేటండీ?" అంది చిట్టమ్మ.

"కొన్నిచోట్ల తిరగబడిపోతుంది."

ఎమ్మే చదివిన మనిషి, ఒక పిల్ల అడిగినదానికి సరైన జవాబు చెప్పింది. అంతకంటే ఏమీ జరగలేదు. కానీ ఆ మధ్యాహ్నమే చిట్టమ్మ మాస్టారి క్లాసులో లేచి, కమలనీ సోముల్నీ ఆయన ముందు పెట్టి, "ఇక్కడ కూడా 'ఐ'నే పెట్టాలేటండీ?" అని అడిగింది. పిల్లలు నోళ్ళు నొక్కుకున్నారు. మాస్టారు పుస్తకం మూసి, "ఎవరు చెప్పారు నీకిది?" అన్నారు. చెప్పింది. గంట కొట్టకముందే ఆయన క్లాసులోంచి వెళ్ళిపోయారు. ముప్ఫై ఏళ్ళలో అలా ఎప్పుడూ వెళ్ళలేదట.

ఇంటికెళ్ళి కమిటీ సెక్రటరీ ధర్మలింగంగారికి రెండు పేజీల ఫిర్యాదు రాశారు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. కొత్త టీచరు తప్పుడు వ్యాకరణం చెబుతోందనీ, పిల్లలతో నవ్వుతూ మాట్లాడి పెద్దల మీద గౌరవం పోగొడుతోందనీ ఆ రెండు పేజీల సారాంశం. రెండో పేజీలో ఈ ముక్క ఉంది: 'ది గర్ల్స్ లవ్ హర్ మోర్ దేన్ ఐ. దిస్ ఈజ్ డేంజరస్ టు డిసిప్లిన్.'

ఆయన చెప్పదలుచుకున్నది, పిల్లలకి నా మీదకంటే ఆవిడ మీద ప్రేమ ఎక్కువగా ఉంది, క్రమశిక్షణకి ఇది ప్రమాదం అని. అసూయకి ఇంగ్లీషు కోటు తొడిగారు. 'దేన్ మి' అని రాసి ఉంటే సరిపోయేది. కానీ ఆయన చెయ్యి 'మి' రాయడానికి ఒప్పుకోదు కదా.

కమిటీ సమావేశం ఆ ఆదివారం స్కూల్లోనే జరిగింది. టీచర్ల తరఫున నేను మెంబర్ని. అంటే మినిట్స్ రాసే మనిషిని. మాస్టారిని పిలవలేదు, వాసవినీ పిలవలేదు. ధర్మలింగంగారు అప్పడాల వ్యాపారి. మంచివాడే. ఇంగ్లీషు కాగితం చూస్తే మాత్రం చెమట పట్టేది. ఫిర్యాదుని వైకుంఠరావుగారి చేతికిచ్చి, "సదవండి బాబూ" అన్నారు.

వైకుంఠరావుగారు కోర్టులో చదివినట్టు గట్టిగా చదువుకుపోయారు. ఆ వాక్యం దగ్గర ఆగారు. మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివారు. తరవాత బల్ల మీద కొట్టి నవ్వడం మొదలుపెట్టారు.

"ఏటండీ, ఏటి రాసేరందులో?" అన్నారు ధర్మలింగంగారు.

"ప్రేమలేఖండీ!" అన్నారు వైకుంఠరావుగారు. "దీన్ని పూర్తి చేస్తే 'దేన్ ఐ లవ్ హర్' అవుతుంది. నాకు ఆవిడంటే ప్రేమే, కానీ పిల్లలకి నాకంటే ఎక్కువ ప్రేమ, ఇది క్రమశిక్షణకి ప్రమాదం. ఆయన సూత్రం ప్రకారమే చదువుతున్నాను సుమండీ. నా సొంతం ఏమీ లేదు."

ధర్మలింగంగారికి నమ్మకం కుదరలేదు. నా వైపు తిరిగారు. "అమ్మా, దీన్ని తెలుగులో సెప్పు."

"పిల్లలు ఆవిణ్ణి నాకంటే ఎక్కువ ప్రేమిస్తున్నారు" అన్నాను.

"మరిందులో తప్పేటుంది?"

నిజమే. మన 'నాకంటే'లో రెండర్థాలూ ఒకే చాప మీద పడుకుంటాయి. ఒడియా 'మో ఠారు' కూడా అంతే. విన్నవాడు మంచివాడైతే మంచి అర్థం తీసుకుంటాడు. ఆ మాట నేను అక్కడే చెప్పాలి. మాస్టారి ఉద్దేశం ఇదీ, పొరపాటున 'ఐ' రాశారు, ఆ పిల్లకి ఇందులో ఏ సంబంధమూ లేదు అని చెప్పాలి. ఒక్క నిమిషం పని. కానీ మిగతా ముగ్గురూ అప్పటికే పగలబడి నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. దాచను.

సోమవారానికి ఆ వాక్యం కోర్టు వరండా చేరింది. బుధవారానికి పెద్దబజారు చేరింది. దారిలో గ్రామరు రాలిపోయింది. మిగిలిందేమిటంటే, రిటైరవబోయే ఇన్‌చార్జి హెడ్‌మాస్టరు పెళ్ళికాని టీచరు మీద ప్రేమ ఉన్నట్టు కాగితం మీద రాసిచ్చాడు. మొదటి రెండు రోజులూ అందరూ ఆయన్ని చూసి నవ్వారు. మూడో రోజునుంచి ఆమెని చూడటం మొదలుపెట్టారు. మగవాడి మీద పడ్డ నవ్వు మన ఊళ్ళో ఎక్కువసేపు నిలవదు. జారి పక్కనున్న ఆడదాని మీద పడుతుంది. 'ఊరికే రాస్తాడా?' అన్నారు. 'నిప్పు లేందే పొగ రాదు' అన్నారు. చేతికి గాజులు లేకుండా గడియారం పెట్టుకుని తిరగడం గురించి కూడా అప్పుడే అందరికీ గుర్తొచ్చింది.

శుక్రవారం వాసవి స్కూలుకి రాలేదు. సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. కొట్టు వెనక ఇల్లు. ధనియాల వాసన. వాళ్ళ నాన్న నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయాడు. నాయనమ్మ కాసులమ్మ వాకిట్లో పీట మీద కూచుని ఉంది. ఆవిడ ముందు వాసవి కింద కూచుని, ఆ వాక్యం రాసుకున్న కాగితమొకటి ఒడిలో పెట్టుకుని చెబుతోంది.

"ఇది సూడు నాన్నమ్మా. ఆయన నన్ను పేమించేనని రాయలేదు. పిల్లలు తనకంటే నన్ను ఎక్కువ ఇష్టపడుతున్నారని ఏడిసేడు. ఒక అక్షరం తప్పేసేడు. అంతే."

"నాకంటే అంటే నాకంటే కదే. అందులో రెండేటి ఉన్నాయి?"

"తెలుగులో ఒకటే. ఇంగ్లీషులో రెండు."

"అలగైతే ఆ బాస మనకేల?" అంది కాసులమ్మ. "నాను ఎనబై ఏళ్ళు బతికేను. ఒక మాట అన్నానంటే అన్నదే. అన్నది ఒకటి, అయ్యింది ఒకటి అని నానెప్పుడూ ఎరగను. మీ అయ్య రేపట్నించి ఎల్లొద్దంతన్నాడు."

"నేను తప్పు సెయ్యలేదు కదా నాన్నమ్మా."

"నీ తప్పని ఎవులంతన్నారే? ఆడి తప్పే. ఆడి తప్పుకి నువ్వు ఇంటికాడ కూకోవాలి. అలగే ఉంటాది లోకం. నానేటి కొత్తగా పెట్టేనా?"

వాసవి కాగితం మడిచి లేచింది. "రేపు వెళ్తాను" అంది. ఆ మాట ఎవరికి చెప్పిందో తెలీదు గానీ లోపలున్న వాళ్ళ నాన్నకి వినబడేంత గట్టిగా చెప్పింది.

శనివారం పొద్దున్నే ఆమె మాస్టారి గదికి వెళ్ళింది. నన్ను తోడు రమ్మంది. వెళ్ళాను, తలుపు దగ్గర నిలబడ్డాను.

"మాస్టారూ, ఊళ్ళో ఏమనుకుంటున్నారో మీకు తెలుసు."

"ఊరికి గ్రామరు రాదు" అన్నారాయన, తల ఎత్తకుండా.

"నేను మిమ్మల్ని క్షమాపణ అడగడం లేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోమనీ అడగడం లేదు. అది మీ ఇష్టం. ఆ ఒక్క వాక్యంలో 'ఐ' బదులు 'మి' ఉండాలని సెక్రటరీగారికి ఒక చీటీ రాసివ్వండి. అక్కడితో అయిపోతుంది."

మాస్టారు కలం కింద పెట్టారు. "అంటే నేను తప్పు రాశానంటావు."

"పొరపాటున పడిందనండి. అందరికీ పడతాయి."

"నాకు పడవు. దేన్ తరవాత ఐ. అది తప్పెలా అవుతుంది?"

"మరైతే ఆ వాక్యానికి అర్థమేమిటి మాస్టారూ?" ఆమె గొంతు ఇంకా మెల్లగానే ఉంది. "మీకు ఇంట్లో భార్య ఉన్నారు, ముత్యాలమ్మగారు. మీ పేరు కూడా పోతోంది కదా. ఆ అక్షరం కోసం ఈ మాట పడతారా?"

ఆయన కింద పెట్టిన కలం మళ్ళీ తీసి మూత పెట్టారు. ఆ కాసేపట్లో ఆయనకి అంతా అర్థమైందని నాకు ఇప్పటికీ నమ్మకం. ఆ మొహంలో కనబడింది. తను రాసింది తప్పని తెలిసింది. ఏది పోతుందో, ఏది మిగులుతుందో లెక్క చూసుకున్నారు. చూసుకుని, "నువ్వు నాకు ఇంగ్లీషు నేర్పే రోజు ఇంకా రాలేదు. వెళ్ళు" అన్నారు.

కాముకుడని ఊరు అనుకున్నా ఫరవాలేదు, 'మి' రాయలేనన్నాడా మనిషి. ఇరవై ఆరేళ్ళ పిల్ల బతుకు ఒక పక్క, ఒక అక్షరం ఒక పక్క పెడితే అక్షరం వైపు మొగ్గాడు. నేను పాఠాల్లో ఎందరో మూర్ఖుల కథలు చెప్పాను. ఒక్కడూ ఇంత చిన్నదాని కోసం ఇంత పెద్దది వదులుకోలేదు. అదీ తనది కానిది.

మరుసటి ఆదివారం కమిటీ మళ్ళీ కూచుంది. ఈసారి ఇద్దర్నీ పిలిచారు. ధర్మలింగంగారు చేతులు నలుపుకుంటూ, "మాస్టారూ, మీ మనసులో ఏటున్నాదో సెప్పేయండి. ఇలగా, అలగా?" అన్నారు.

"వాక్యం సరైనదే" అన్నారు మాస్టారు.

"అయితే మీకు ఆవిడంటే ప్రేమే అన్నమాట" అన్నారు వైకుంఠరావుగారు, ఎంతో మర్యాదగా. వార్షికోత్సవం బాకీ తీర్చుకుంటున్నారు. ఆ తీర్చుకోవడం ఎవరి వీపు మీద జరుగుతోందో ఆయనకి పట్టలేదు.

"ఆ ప్రశ్న వ్యాకరణానికి సంబంధించింది కాదు."

వాసవి లేచింది. గోడకున్న నల్లబల్ల దగ్గరికి వెళ్ళి ఆ వాక్యం రాసింది. 'దేన్ ఐ' తరవాత ఒక గీత గీసి ఖాళీ వదిలింది. సుద్దముక్క తెచ్చి మాస్టారి ముందు బల్ల మీద పెట్టింది.

"ఇక్కడ ఏ క్రియ వస్తుందో రాయండి మాస్టారూ. మీకు తోచింది రాయండి. నేను ఒప్పుకుంటాను."

ఆయన సుద్దముక్క తీసుకున్నారు. లేచి నల్లబల్ల దాకా వెళ్ళారు. ఆ ఖాళీలో వచ్చే మాట ఒకటే. రాస్తే పరువు పోతుంది. రాయకపోతే సూత్రం పోతుంది. చెయ్యెత్తి అలాగే నిలబడ్డారు.  తరవాత సుద్దముక్క నల్లబల్ల అంచున పెట్టి, వచ్చి కూచున్నారు.

అక్కడితో తేలిపోవాలి. ఎక్కడైనా తేలిపోతుంది. మా కమిటీలో తేలలేదు. పెద్దమనుషులు నలుగురూ ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకున్నారు. చివరికి ధర్మలింగంగారు గొంతు సవరించుకుని వాసవితో అన్నారు: "అమ్మా, నువ్వు మనోళ్ళ పిల్లవి. నీ మంచికే సెప్తన్నాను. మాస్టారు మార్చిలో రిటైరైపోతారు. అందాకా నువ్వు సెలవు పెట్టుకో. గొడవ సల్లారిపోద్ది."

తప్పు రాసినవాడికి కుర్చీ. తప్పు చూపించినదానికి సెలవు. నేను మినిట్స్ పుస్తకంలో తలవంచి, 'చర్చించడమైనది' అని రాశాను.

"నేను సెలవు అడగలేదండి. అడగని సెలవు ఇవ్వడానికి రూల్ లేదు" అంది వాసవి. "తీసేస్తే తీసెయ్యండి. ఎందుకు తీసేశారో కాగితం మీద రాసివ్వండి. క్రియతో సహా రాసివ్వండి." చెప్పి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. తీసేసే కాగితం రాసే ధైర్యం వాళ్ళకి లేదు. ఎవరిచేత రాయిస్తారు? మాస్టారిచేతా?

సోమవారం మొదటి పీరియడ్‌లో తడిక అవతల మళ్ళీ సుద్ద చప్పుడు వినబడింది. వాసవి మాస్టారి వాక్యాన్ని ఉన్నదున్నట్టు పదో తరగతి నల్లబల్ల మీద రాసింది. ఎవరు రాశారో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. దీన్ని పూర్తి చేస్తే ఏమవుతుంది, రాసినవాడు చెప్పదలుచుకున్నది ఏమై ఉంటుంది, ఏ అక్షరం మారిస్తే అది వస్తుంది, అన్నీ అడిగింది. పిల్లలే చెప్పారు. ఒక్కరూ నవ్వలేదు. మర్నాడు తొమ్మిదో తరగతికి చెప్పింది. ఆ మర్నాడు ఎనిమిదికి.

నేనేమో నా పిల్లలచేత పద్యం గట్టిగా చదివించాను, మాస్టారి గదికి ఆమె గొంతు వినబడకుండా. ఆ వారంలో నేను చేసిన సాహసం అదొక్కటే.

నూట యాభై మంది పిల్లలు ఆ పాఠం ఇళ్ళకి పట్టుకెళ్ళారు. అమ్మలకి తెలుగులో చెప్పారు, పక్కింటి ఒడియావాళ్ళకి ఒడియాలో చెప్పారు. నాలుగు రోజుల్లో గోసాని నువాగాంలో ప్రతి వీధి కుళాయి దగ్గరా ఆ వాక్యాన్ని పూర్తి చెయ్యగలిగిన ఆడపిల్ల ఒకతె తయారైంది. ప్లీడర్లు మూడు రోజుల్లో చేసిన కంపుని ఆ పిల్లలు మెల్లగా కడుగుతూ వచ్చారు.

ఆ కుళాయిల్లో ఒకటి మాస్టారి వీధిలో ఉంది. ఒక సాయంత్రం నేను అటువైపు వెళ్తుంటే ముత్యాలమ్మగారు బిందె పెట్టి నిలబడి ఉంది. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు. ఎవరో, "మీ ఆయన రాసిందేటో మీకు తెలిసిందేటండీ?" అని అడగనే అడిగారు.

ఆవిడ పెద్దగా నవ్వింది. "తెలిసింది. పేమంట! ముప్పై రెండేళ్ళు కాపరం సేసినాను. కూరలో ఉప్పు తక్కువైతే ఆ ముక్క ఇంగ్లీషులో సెప్పీ మనిషి. నాను సావుదాకా ఎల్లొచ్చినా ఎలాగున్నావే అని అడగనేదు. ఆడికి పేమున్నది ఆ 'ఐ' మీదొక్కటే. ఆ ఆడగుంట జోలికెల్లకండి, పాపం తగుల్తాది."

కమిటీ తీర్మానం చెయ్యలేనిది ఆ మాట చేసింది. మర్నాటికి పెద్దబజారులో కాసులమ్మ చెవిన పడింది. ముసలావిడ కొడుకుని పిలిచి, "పెల్లామే ఒప్పుకోనప్పుడు మనకేటిరా?" అందట. వాళ్ళ నాన్న ఇక వెళ్ళొద్దనలేదు. సంతోషంగా వెళ్ళమనీ అనలేదు. వాసవికి అంత చాలు.

మాస్టారికి మాత్రం ఊరు వేరే పేరు పెట్టింది. రోడ్డు మీద వెళ్తుంటే వెనకనుంచి పిల్లలు "ఐ!" అని అరిచేవారు. దరఖాస్తులు రాయించుకునేవాళ్ళు ఒక్కొక్కరే వాసవి నాన్నగారి కొట్టు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కొట్టు మూసే వేళకి ఆమె బల్ల మీద కూచుని రాసిచ్చేది, ఎవర్నీ నిలబెట్టకుండా. మార్చిలో ఆయనకి సన్మానం జరిగింది. వైకుంఠరావుగారే శాలువా కప్పి, 'నిష్కళంక విద్యావేత్త' అని మెచ్చుకున్నారు. ఇద్దరూ చేతులు కలిపి ఫొటో దిగారు. పెద్దమనుషుల శత్రుత్వాలకి కూడా సెలవులుంటాయి.

ఆ తరవాత ఏడాదికి కాబోలు, బరంపురం స్టేషన్లో మాస్టారు కనబడ్డారు. కోటు వదులైంది. నన్ను చూసి తనే పలకరించారు. అటూ ఇటూ మాట్లాడి, "ఆ ఫిర్యాదు సంగతి మీకు తెలుసు కదా. అందులో నేను 'మి' అనే ఇచ్చానండీ. టైపిస్టు 'ఐ' కొట్టాడు. వాడి మీద చర్య తీసుకోలేదు, పేదవాడని ఊరుకున్నాను" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "అది మీ చేతిరాత మాస్టారూ. నేను చూశాను" అన్నాను.

ఆయన ఏమీ వినబడనట్టు విశాఖ బండి ఎప్పుడొస్తుందో అడిగారు. నేను చెప్పాను. నా ధైర్యం గురించి గర్వపడుతూ ఇంటికొచ్చాను. రిటైరైపోయి, ఎవరికీ అక్కర్లేకుండా, చేతిసంచీతో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ముసలివాడి దగ్గర నాకొచ్చిన ధైర్యం. మినిట్స్ పుస్తకం ముందు కూచున్నప్పుడు రానిది.

మర్నాడు స్టాఫ్ రూములో ఆ సంగతి వాసవికి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె ఎనిమిదో తరగతి పేపర్ల కట్ట విప్పుకుంటూ విని, "పోనీలెండి, ఇప్పటికైనా 'మి' అనే రాయాలని ఆయనకి తెలిసింది" అంది. ఆ రోజు కమిటీలో మీరెందుకు నోరు విప్పలేదని నన్ను అప్పుడూ అడగలేదు, తరవాత పద్దెనిమిదేళ్ళు కలిసి పనిచేసినా అడగలేదు. ఎర్ర కలం మూత తీసి మొదటి పేపరు ముందుకు లాక్కుంది. నేను నా క్లాసుకి వెళ్ళిపోయాను.